సానరాయి తిరిగిన ఉదయం

ఖైదీల వ్యాను నాలుగు గంటలకు బయలుదేరుతుంది. ఈ సంగతి జిల్లా దర్యాప్తు అధికారి తాజిద్దీన్‌కు ఎవరూ చెప్పలేదు. స్టేషను గోడకు అంటించిన కాగితంలో తానే చదువుకున్నాడు. అప్పటికి గడియారం ఒంటిగంటా పది నిమిషాలు చూపుతున్నది.

ఆ వ్యానులో ఎక్కవలసినవాడు హమ్రాకుల్. పశువులకు పాతర వేసే మొక్కజొన్న చొప్పను పొలంలోనే కోసి, తరిగి, ట్రాలీలోకి విసిరే పెద్ద కోతయంత్రానికి అతడు డ్రైవరు. ఆ ఉదయం ఆరూ నలభైకి, యంత్రాన్ని కోతకు సిద్ధం చేస్తుండగా, మెకానిక్కు సోదిక్ కుడిచెయ్యి కత్తుల డ్రమ్ములో మోచేతి వరకు పోయింది. సోదిక్ స్పృహ లేకుండా ఆసుపత్రిలో పడివున్నాడు. హమ్రాకుల్ కావాలనే డ్రమ్ము తిప్పాడని, అది హత్యాప్రయత్నమని, ప్రాంత కేంద్రం నుంచి వచ్చిన మేజర్ ఇనామ్‌జాన్ రెండు గంటలలో కేసు ముగించాడు. ప్రాంత కేంద్రానికి తరలిన ఖైదీ తన వాంగ్మూలాన్ని వెనక్కు తీసుకోగలిగిన సందర్భం తాజిద్దీన్ ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కటి కూడా లేదు.

మెట్ల మీద హమ్రాకుల్ భార్య జేబినిసా నిలబడి ఉన్నది. డెయిరీలో పాలు పితికే మనిషి. తొమ్మిది గంటల నుంచి అక్కడే ఉన్నదట. ఏడవడం లేదు. తాజిద్దీన్ దాటిపోతుంటే మాత్రం దారికి అడ్డంగా ఒక్క అడుగు జరిగింది.

"అన్నగారూ, ఆయన కోడిపిల్లను కోయమన్నా పక్కింటివాణ్ణి పిలుస్తాడు. నాలుగు దాకా టైముందంట. మీరొక్కసారి అడిగి చూడండి."

అతడు అడగడానికే వచ్చాడు.

హమ్రాకుల్ బెంచీ అంచున, ఇంకొకరి స్థలంలో కూర్చున్నవాడిలా కూర్చుని ఉన్నాడు. ముందున్న టీ చల్లారిపోయింది. తాజిద్దీన్ కాగితం తీయలేదు, కలం తీయలేదు.

"డ్రమ్ము తిప్పింది ఎవరు?"

"నేనే అన్నా."

"ఎక్కడ నిలబడి?"

"నిలబడి కాదు, పైన క్యాబిన్‌లో కూర్చుని. మీట లాగాను. ముందు సోదిక్ వంగి ఉన్నాడని చూసుకోలేదు."

"చూసుకోలేదంటున్నావు. నువ్వు సంతకం పెట్టిన కాగితంలో చూసే లాగావని ఉంది."

హమ్రాకుల్ తల ఎత్తడం అదే మొదటిసారి. "అలా రాశారా? ప్రమాదమని రాయిస్తామన్నారే. సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారని..."

"అని ఎవరు చెప్పారు?"

తల మళ్లీ దిగిపోయింది. తర్వాత ఎన్ని విధాల అడిగినా ఆ పేరు బయటికి రాలేదు. తక్కిన ప్రశ్నలకు మాత్రం తడుముకోకుండా జవాబులు చెప్పాడు. ఇంజను ఆరుంబావుకు స్టార్టు చేశాడు. నిన్నంతా కత్తులు మొద్దుబారి, చొప్ప తెగకుండా నలిగిపోయింది. వేలి కణుపంత రావలసిన ముక్క జానెడు పీచుగా వచ్చింది. అటువంటి పీచును పాతరలో ఎంత తొక్కినా గాలి మిగిలి, శీతకాలానికి బూజుపడుతుంది. నిన్న సాయంత్రం సోదిక్ అందరి ముందూ తనతో గొడవ పెట్టుకున్నాడు: డ్రమ్ము మీది రక్షణ మూత విప్పేసి నడుపుతున్నారు, రేపు దాన్ని బిగించకపోతే పైకి రాసి యంత్రాన్ని ఈ సీజనంతా ఆపిస్తానని. మేజరు పట్టుకున్నది ఆ గొడవనే.

"మూత విప్పమన్నది నువ్వా?"

"నేను డ్రైవర్ని అన్నా. విప్పమంటే విప్పుతాను."

"పొద్దున కత్తులకు సానపట్టారా?"

ఇంతవరకు వెంటవెంటనే వచ్చిన జవాబు ఇక్కడ ఒక ఊపిరి ఆలస్యమైంది.

"లేదు," అన్నాడు హమ్రాకుల్.

తాజిద్దీన్ లేచాడు. అప్పుడు ఒకటీ ముప్పై ఐదు. మొద్దుబారిన కత్తులతో రెండో రోజు కోతకు దిగే డ్రైవరు ఫర్గానా లోయ మొత్తంలో ఉండడు. ఈ మనిషి అబద్ధమాడుతున్నాడు. కాని తనను రక్షించుకోవడానికి కాదు.

*

యంత్రం పొలం మొదట్లో ఉన్నచోటే ఉన్నది. దాని వెనుక, కోయవలసిన మొక్కజొన్న ఆకుల అంచులు తెల్లబడుతూ నిలబడి ఉన్నది. కాపలా కానిస్టేబులుతో పాటు డెయిరీ పెద్ద కంబరలీ కూడా అక్కడే ఉన్నాడు. భారీ మనిషి, మెత్తని మాట. తాజిద్దీన్‌ను చూడగానే గుండెమీద చెయ్యి వేసుకుని వంగి, ఇంటివాళ్ల క్షేమమడిగి, ఆ తర్వాతే తన బాధ చెప్పుకున్నాడు. నాలుగు వందల పశువులున్నాయి. మరో మూడు రోజులు చొప్ప ఇలాగే నిలబడితే ఎండిపోతుంది, పాతరకు పనికిరాదు. యంత్రానికి వేసిన సీలు తీయించమని మేజరు కాళ్లు పట్టుకోవడం ఒక్కటే మిగిలింది. హమ్రాకుల్ తనకు కొడుకుతో సమానం. తాను ఏడున్నరకు వచ్చేసరికే సోదిక్‌ను ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ సమయంలో తానే ఉండి ఉంటే ఈ ఘోరం జరగనిచ్చేవాడు కాడు.

"డ్రమ్ము మూత ఏది?" అని అడిగాడు తాజిద్దీన్.

అది షెడ్డులో ఉన్నదని, చొప్ప అడ్డుపడినప్పుడల్లా నాలుగు బోల్టులు విప్పలేక సీజను మొదట్లోనే తీసేశారని, అన్ని డెయిరీలలోనూ ఇదే పద్ధతని కంబరలీ చెప్పాడు. ఆఫీసులో ఫోను దగ్గర ఎవరూ లేరంటూ సెలవు తీసుకుని వెళ్లిపోయాడు.

తాజిద్దీన్ యంత్రం చుట్టూ ఒకసారి మెల్లగా తిరిగాడు. ముందువైపు చొప్పను లోపలికి లాగే రోలర్లు. వాటి వెనుక కత్తుల డ్రమ్ము. డ్రమ్ముకు వెంట్రుకవాసి దూరంలో, కదలకుండా బిగించిన అడ్డుకత్తి. ఈ రెండింటి నడుమ సందు సరిగా ఉన్నదో లేదో కాగితపు ముక్క పెట్టి చూస్తారు. సోదిక్ చెయ్యి అక్కడ ఉండడానికి కారణం అదే. చెయ్యి ఉండడం వింత కాదు. రక్తం ఉన్న చోటు వింత. కోతకు తిరిగే డ్రమ్ము తనలో పడిన ప్రతిదాన్నీ వెనక్కు, పొగగొట్టంలా లేచిన గొట్టంలోకి విసరాలి. గొట్టంలో చుక్క రక్తం లేదు. మరకలన్నీ ముందు, రోలర్ల మీద, నేల మీద, కొంత కుడిపక్కకు చిమ్మి.

అతడు కుడిపక్కకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అక్కడే ఉండిపోయాడు, కారు చప్పుడు వినబడేవరకు.

రెండూ ఇరవైకి మేజర్ ఇనామ్‌జాన్ దిగాడు. తళతళలాడే బూట్లను దుమ్ములో పెట్టడానికి ఒక క్షణం వెనకాడాడు.

"పెద్దాయనా, రిటైర్మెంటుకు మూడు నెలలేగా ఉంది? ఇంట్లో కూర్చుని ద్రాక్షతీగలకు నీళ్లు పోసుకోక, నేను సీలు వేసిన బండి కింద దూరుతున్నారేంటి?"

"తీగలు ఎక్కడికీ పోవు మేజర్‌గారూ, వ్యానే పోతుంది. ఒక్కసారి పైకెక్కి మీట లాగండి."

"ఎందుకు?"

"హమ్రాకుల్ లాగానన్నాడు కదా. అదే మీట."

కానిస్టేబులుతో ఇంజను స్టార్టు చేయించి, తాజిద్దీన్ అతణ్ణి దూరంగా పంపాడు. మేజరు విసుగ్గా క్యాబిన్‌లోకి ఎక్కి మీట లాగాడు. ఇంజను రొద పెట్టింది. డ్రమ్ము కదలలేదు. మళ్లీ లాగాడు. కత్తుల మీద వాలిన ఈగ కూడా లేవలేదు.

"చెడిపోయి ఉంటుంది," అన్నాడు దిగుతూ.

"బాగానే ఉంది. బెల్టు చూడండి, రెండో పుల్లీ మీద ఉంది. కత్తులకు సానపట్టాలంటే డ్రమ్మును వెనక్కు తిప్పాలి. అందుకని బెల్టు ఇటు మారుస్తారు. మార్చాక క్యాబిన్‌లో మీటకు ఏమీ అందదు. డ్రమ్ము తిరగాలంటే ఇదిగో, ఈ కుడిపక్క నేలమీద నిలబడి, సానరాయి పక్కనున్న ఈ పిడి నొక్కాలి. ఇక్కడ నిలబడ్డవాడికి ముందు వంగినవాడు కనబడడు. క్యాబిన్‌లో ఉన్నవాడు బ్రహ్మాండం బద్దలు కొట్టినా డ్రమ్ము తిప్పలేడు."

"తర్వాత ఎవడో మార్చి ఉంటాడు బెల్టు."

"మీరు సీలు వేసింది ఏడూ యాభైకి. బెల్టు మార్చడానికి ఇద్దరు మనుషులు, అరగంట కావాలి. పోనీ మార్చారే అనుకోండి. ఈ రక్తం బెల్టు నుంచి పుల్లీ మీదికి ఒకే గీతగా ఎండి, రెండింటినీ అతికించేసింది. దీన్నెవరు మార్చారు?"

మేజరు వంగి చూశాడు. చూసినది అతనికి అర్థమైంది. అర్థమైనందుకే ముఖం గట్టిపడింది.

"సరే. పైన కాదు, కింద నిలబడి తిప్పాడు. మనిషి వాడే. కిందో మీదో తప్పు చెప్పాడు, అంతేగా? సంతకం ఉంది, గొడవకు సాక్షులున్నారు. ప్రాంత కేంద్రంలో కూర్చున్న సోదిక్ మేనమామ ఎవరో మీకు తెలుసు, నాకూ తెలుసు. నాలుగింటికి వ్యాను కదలకపోతే నాకు ఫోనొస్తుంది. మీకు రాదు, మీరు అదృష్టవంతులు."

"సంతకం పెట్టినవాడికి డ్రమ్ము ఎలా తిరిగిందో కూడా తెలియదు మేజర్‌గారూ. అక్కడ లేనివాణ్ణి ఎక్కిస్తున్నారు మీరు."

"అయితే ఉన్నవాణ్ణి తెండి. నాలుగులోపల," అని మేజరు కారెక్కాడు.

దుమ్ము అణిగేవరకు తాజిద్దీన్ కుడిపక్కనే నిలబడి ఉన్నాడు. ఉన్నవాడు. సానరాయి పిడి పట్టుకుని, ఇక్కడ, ఈ రెండు అడుగుల నేలలో నిలబడినవాడు. నేలనిండా పరుగెత్తి వచ్చినవాళ్ల అడుగులే. పిడి మీద అందరి చేతుల జిడ్డూ ఉన్నది. నిరాశతో అతడు తల పైకెత్తాడు.

యంత్రపు పక్కరేకు పైన, మనిషి తలకంటె జానెడెత్తున ఒక అంచు ఉన్నది. ఆ అంచు మీద సగం రొట్టె ఉన్నది.

తందూరులో కాల్చిన గుండ్రని రొట్టెలో సగం. అచ్చు పడిన ముఖం ఆకాశం వైపు ఉన్నది, బోర్లా లేదు. వెనుకవైపు దుమ్ము అంటుకుని ఉన్నది. అంచున నల్లని జిడ్డుతో ఒక బొటనవేలి ముద్ర, దాని పక్కనే ఎండిన ఎర్రని చుక్క.

ఈ నేలమీద పుట్టినవాడు కిందపడిన రొట్టెను తొక్కడు, దాటడు. ఎత్తి, నుదుటికి తాకించి, ఎవరి కాలూ సోకని ఎత్తున పెడతాడు; ఇల్లు కాలిపోతున్నా పెడతాడు. అది ఆలోచించి చేసే పని కాదు. తల్లి చేతిలో నేర్చుకున్నది. భగవంతుడిచ్చిన అన్నానికి మనిషి చేసే మొదటి నమస్కారం అది. చెయ్యి తెగిన మనిషి కేక వేస్తుండగా, అందరూ ముందువైపుకు పరుగెత్తుతుండగా, ఒకడు ఈ పక్కన ఒంటరిగా నిలబడి ఆ నమస్కారం చేశాడు. పారిపోదామనుకున్నవాడు తన జాడలన్నీ చెరపగలడు. ఈ జాడను మాత్రం తానే నుదుటికి తాకించి భద్రంగా పైన పెట్టిపోయాడు.

అతడు చేతిరుమాలు పరచి, రొట్టెను రెండు చేతులతో దించాడు. రెండూ యాభై.

*

ఏ ఇంటి రొట్టెకు ఆ ఇంటి అచ్చు ఉంటుంది. ఏ అచ్చు ఏ ఇంటిదో ఆడవాళ్లకు తెలుస్తుంది. డెయిరీలో మధ్యాహ్నపు పాలు పితకడం మొదలైంది. మొగుణ్ణి జైలుకు పంపుతున్నారని ఆవులు ఆగవు. జేబినిసా స్టేషను నుంచి పాలబండి ఎక్కి వచ్చి, ఆఫీసుగది పక్కనున్న కొట్టంలో పనిలో కూర్చున్నది. మూడూ పదికి తాజిద్దీన్ ఆమె ముందు రుమాలు విప్పాడు.

ఆమె ముఖంలో ఆ రోజు మొదటిసారిగా ప్రాణం కనబడింది.

"ఇది మా రొట్టె అన్నగారూ. అచ్చులో ఒక పన్ను విరిగింది, చూడండి, ఈ చుక్క పడదు. కానీ ఇది ఆయనది కాదు. ఆయనకు నల్లజీలకర్ర చల్లి పలచగా చేస్తాను. ఇది మందంగా, మెత్తగా ఉంది. గింజ ఒక్కటి లేదు. పొద్దున్నే వేరుగా చేశాను. అక్కడున్నది ఆయన కాదని దీన్నిబట్టి తెలుస్తుంది కదా? ఇది పళ్లు లేనివాళ్లకు చేసేది. ఇది మా మామయ్యకు..."

మాట అక్కడ తెగిపోయింది. ఆమె చేతిలోని పాలగిన్నె మెల్లగా ఒరిగింది, పాలు గడ్డిలోకి ఇంకిపోయాయి. భర్తను బయటికి లాగడానికి తాను చాచిన చెయ్యి ఎవరిని నెట్టిందో ఆమె చూసింది.

తాజిద్దీన్ రొట్టెను మళ్లీ రుమాలులో చుట్టి పాతరగొయ్యి వైపు నడిచాడు.

*

హమ్రాకుల్ తండ్రి నార్మత్‌కు డెబ్బై నాలుగేళ్లు. సమష్టి వ్యవసాయం నాటి నుంచి కోతయంత్రాలు నడిపినవాడు. ఇప్పుడు పాతరగొయ్యి మీద ట్రాక్టరు తోలుతూ, ట్రాలీలు పోసిన చొప్పను అణగదొక్కుతున్నాడు. నిన్నటి కుప్ప ఇంకా తొక్కవలసి ఉన్నది. మూడూ ఇరవైకి తాజిద్దీన్ గట్టు ఎక్కేసరికి ట్రాక్టరు ముందుకు, వెనక్కు, ముందుకు, వెనక్కు పోతూ ఉన్నది. గొయ్యి రెండంచులా తాడు కట్టి, తాడుకు ఖాళీ డబ్బాలు వేలాడదీశారు. చక్రం అంచుకు వచ్చినప్పుడల్లా డబ్బాలు గలగలలాడుతున్నాయి. అప్పుడు ముసలాయన చక్రం తిప్పుతున్నాడు. ముందు తిప్పడం లేదు. డబ్బాలు మోగాకనే తిప్పుతున్నాడు.

తాజిద్దీన్ చొప్ప మీద నడిచి వెళ్లి ట్రాక్టరుకు ఎదురుగా నిలబడ్డాడు. ట్రాక్టరు ఆగలేదు. మూడడుగుల దూరంలో అతడు గట్టిగా పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు ఆగింది.

"ఎవరు బాబూ?"

"నేను, తాజిద్దీన్‌ను పెద్దాయనా. ఎన్నాళ్లయింది కళ్లు పోయి?"

నార్మత్ ఇంజను ఆపాడు. రెండేళ్లయిందని, వెలుగు నీడ మాత్రం తెలుస్తాయని, కొడుక్కూ కంబరలీకీ తప్ప ఎవరికీ చెప్పలేదని, చెబితే బండి దిగి మూల కూర్చోవాలని, నెమ్మదిగా చెప్పాడు. తాజిద్దీన్ ఆ రొట్టెను ఆయన చేతిలో పెట్టాడు. వేళ్లు అచ్చును తడిమాయి, ఆగిపోయాయి.

"నడుంగుడ్డలోంచి జారింది," అన్నాడు నార్మత్. "కాలికి తగిలింది. అన్నం కదా, అలా వదిలెయ్యలేకపోయాను."

తర్వాత అంతా తానే చెప్పాడు. సానరాయి ఎంత నొక్కాలో చెవితో విని చెప్పగలిగినవాడు ఈ చుట్టుపక్కల తానొక్కడే. అందుకని సోదిక్ స్వయంగా వచ్చి పిలుచుకుపోయాడు. తామిద్దరూ కలిసి బెల్టు మార్చారు. హమ్రాకుల్ డబ్బా పట్టుకుని నీళ్లకని కాలువకు వెళ్లాడు. తాను పిడి దగ్గర నిలబడ్డాడు. తిప్పాడు. అంతే. కొడుకు పరుగెత్తుకొచ్చి తండ్రిని పక్కకు నెట్టి, నేను తిప్పానని అరిచాడు.

"కంబరలీ వచ్చి చెప్పాడు నాకు. ప్రమాదమని రాయిస్తాను, సాయంత్రానికి నీ కొడుకు ఇంట్లో ఉంటాడు, నువ్వు నోరు తెరిస్తే ఇద్దరూ పోతారన్నాడు. సాయంత్రం కోసం చూస్తున్నా."

"సాయంత్రం లేదు పెద్దాయనా. నాలుగింటికి ప్రాంత కేంద్రానికి తీసుకుపోతున్నారు. కావాలని చేశాడని రాశారు."

ముసలాయన స్టీరింగు వదిలి లేవబోయాడు. "పద. నన్ను తీసుకుపో. నేను చెబుతాను."

"చెబుదురుగాని. ఒక్క మాట. కళ్లు బాగున్నవాడే పిలవకుండా డ్రమ్ము తిప్పడు. మీరు పిలిచారా?"

"మూడుసార్లు పిలిచాను. ముందెవరైనా ఉన్నారా అని. నలభై ఏళ్లుగా ఎప్పుడూ తప్పలేదు."

"ఎవరైనా పలికారా?"

నార్మత్ తాళంచెవి కోసం తడిమాడు.

"పలకనిదే మీరు తిప్పరు," అన్నాడు తాజిద్దీన్. "ఇంజను రొదలో, తల లోపల పెట్టిన సోదిక్‌కు మీ పిలుపు వినబడలేదు. మరి పలికింది ఎవరు?"

"వాడూ చూసుకోలేదు పాపం," అన్నాడు నార్మత్. "భయపడిపోయాడు. నాతోపాటు వాడూ ఎందుకు పోవాలని... ఎవరూ లేరు పెద్దాయనా, తిప్పు అన్నాడు. కంబరలీ."

"గొంతు పొరబడలేదుగా?"

"ఇరవై ఏళ్లు రోజూ విన్న గొంతు బాబూ. కళ్లే పోయాయి నాకు."

"ఎటునుంచి వచ్చింది గొంతు?"

"ముందునించి. రోలర్ల దగ్గర్నించి."

రోలర్ల దగ్గర. అంటే వంగి ఉన్న సోదిక్ వీపుకు రెండడుగుల దూరంలో. అక్కడ నిలబడ్డవాడికి సోదిక్ కనబడకపోవడమన్నది అసంభవం. ఏడున్నరకు వచ్చానన్న మనిషి ఆరూ నలభైకి అక్కడ ఉన్నాడు. రక్షణ మూత విప్పించినవాడు. ఆ ఉదయం సోదిక్ రాయబోయే కాగితంతో సీజనంతా పోగొట్టుకోబోయినవాడు. ఆయుధం పట్టలేదు, చెయ్యి ఎత్తలేదు. ఒక గుడ్డివాడి నమ్మకాన్ని ఒక్క మాటతో ముందుకు నెట్టాడు. కంబరలీ మాటే సోదిక్‌ను నరికిందని నార్మత్‌కు ఇంకా తెలియదు. ఆయన ఆ మనిషిని జాలిపడి దాస్తున్నాడు.

ఈ సాక్ష్యం మేజరు ముందు ఎంతసేపు నిలుస్తుంది? కొడుకు కోసం తండ్రి చెప్పే మాట. పైగా చూపులేనివాడి మాట. ఇంకొకరు విని ఉండాలి. ఆ గొంతు రెండడుగుల దూరం నుంచి విన్నవాడు లోకంలో ఒక్కడే.

"సోదిక్ లేవాలి," అన్నాడు తాజిద్దీన్, ఎవరితోనో అన్నట్లుగా.

"లేచాడంట."

గట్టు మీద జేబినిసా ఉన్నది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చేతులకు పాలు ఇంకా ఆరలేదు.

"మీరు ఇటు రాగానే, మూడుంబావుకు, ఆసుపత్రి నుంచి ఆఫీసుకు ఫోనొచ్చింది అన్నగారూ. సోదిక్ కళ్లు తెరిచాడని, మాట్లాడుతున్నాడని. కంబరలీ గారే ఎత్తారు. మీకెవరికీ శ్రమ వద్దు, నేనొక్కణ్ణే వెళ్లి చూసొస్తానని జీపు తీశారు. మంచికే అనుకున్నాను."

"ఫోను ఎక్కడుంది?"

"ఆఫీసుకు తాళం వేసుకుని వెళ్లారు."

మూడూ ముప్పై రెండు. ఆసుపత్రి తూర్పున, పదిహేను నిమిషాలు. స్టేషను పడమర, అంతే దూరం. తాజిద్దీన్‌కు ఉన్నది ఒక్క కారు. స్టేషనుకు పోతే హమ్రాకుల్‌ను ఈ రోజుకు ఆపగలడేమో. కాని సోదిక్ నోరు శాశ్వతంగా మూతపడితే ఆ తర్వాత అతణ్ణి ఎవరూ విడిపించలేరు. ఆసుపత్రికి పోతే వ్యాను వెళ్లిపోతుంది. ఆ చీకటి గదులలో రేపటికి హమ్రాకుల్ దేనిమీద సంతకం పెడతాడో, అసలు సంతకం పెట్టే స్థితిలో ఉంటాడో చెప్పలేడు. అతడు ఈ మాటలు పైకి అనలేదు. అననక్కరలేకపోయింది.

"వ్యాను కాలువ వంతెన మీదుగానే పోవాలిగా?" అన్నాడు నార్మత్.

"ఇంకో దారి లేదు."

"వంతెన ఒక బండి వెడల్పే." ముసలాయన తాళంచెవి తిప్పాడు. ఇంజను దగ్గి రగులుకున్నది. "అమ్మాయ్, ఎక్కు. నువ్వు చూడు, నేను తోలుతా."

జేబినిసా ఎక్కింది. తాజిద్దీన్ అడ్డుచెప్పవలసినవాడు. చట్టం చెప్పమన్నది, వయస్సు చెప్పమన్నది. చూపులేని మనిషి, పాలు పితికే స్త్రీ, వారికి ఎదురుగా తుపాకులున్న కాపలా. అతడు రొట్టెను రుమాలులో చుట్టి జేబినిసా ఒడిలో పెట్టి, వ్యాను ఆగితే దిగవద్దనీ, చేతులు కనబడేట్లు ఉంచమనీ, నేను వచ్చేవరకు మామయ్యను మాట్లాడనివ్వవద్దనీ చెప్పాడు. ఆమె తల ఊపింది. ఏమి విన్నదో.

కారు తూర్పురోడ్డెక్కింది. అద్దంలో ట్రాక్టరు గొయ్యి దిగి, గతుకుల మీద ఊగుతూ వంతెన వైపు పోవడం కనబడుతున్నది. జేబినిసా చక్రంపైని రేకు మీద నిలబడి చేత్తో ఎడమ, కుడి చూపుతున్నది. ఆయనకు చెయ్యి కనబడదని గుర్తొచ్చి కాబోలు, మళ్లీ చెవి దగ్గరకు వంగుతున్నది.

వంతెన అవతల, పడమటి రోడ్డు మీద, దుమ్ము లేచింది.

తాజిద్దీన్ గడియారం చూసుకున్నాడు. మూడూ ముప్పై తొమ్మిది. ఆ దుమ్ములోనుంచి బూడిదరంగు వ్యాను బయటపడింది. మేజరు నాలుగు దాకా ఆగలేదు. వ్యాను వేగం తగ్గడం లేదు. ట్రాక్టరు ముందుచక్రాలు అప్పుడే వంతెన మీద పడ్డాయి.

అతని కాలు బ్రేకు మీదికి తనంతట తానే పోయింది. దాన్ని అక్కడినుంచి తీసి, పక్కనున్న యాక్సిలరేటరు మీద పెట్టి, నేలకు అంటేవరకు నొక్కాడు.